రాజీపడాల్సిన మనిషి

తెల్లగుడ్డ కప్పిన ఆ పళ్ళెంలో ఉన్నది నిన్న సాయంత్రం తను కోసిన రొట్టే. బేకరీ రొట్టె అంచులు తీసేసి, వేలిగోరంత ముక్కలుగా, కత్తిపీట జోలికి పోకుండా పండ్లు కోసే చిన్న చాకుతో కోసింది. ప్రభువు శరీరమని చెప్పి తినేదాన్ని వంకాయలు తరిగే కత్తిపీటకు అప్పగించడానికి కుమారికి మనసొప్పదు, చాకైనా కోసేదే కదా అని లోపలెవరో అడిగితే వినబడనట్టు ఊరుకుంటుంది. అంచులు పారేయడానికీ మనసొప్పదు కనుక పొద్దున్నే ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి ఉప్మా చేసేసింది, గోపి మారు వేయించుకుని మరీ తిన్నాడు. అదే రొట్టె. అంచు ఇంట్లో తింటాడు, నడిమిది చర్చిలో తినడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో తన చేతి వంటకు వంక పెట్టని మనిషి ఇక్కడ, ఇంతమంది ముందు, తన చేతి ముక్కను ముట్టకుండా పక్కవాడికి అందించేస్తాడు, ఇవాళ కూడా అందించేస్తాడేమో, ఇవాళ మాత్రం అందించకూడదు దేవా, ఇవాళ శాలువా ఉంది. కొంగు తలమీదికి లాక్కుని, మొదటి బెంచీలోంచి మగవాళ్ళ వైపు ఓరగా చూసింది. మూడో వరసలో, గోడ పక్కన, వీపు బెంచీకి ఆనించకుండా నిటారుగా కూర్చున్నాడు. పటాలం అలవాటు. పాట ఇంకా రెండు చరణాలుంది.

ఈ సంఘంలో ఒక ఆచారం ఉంది, ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడెవరికీ తెలీదు. ప్రభువు రొట్టె పంచుకునే బల్ల ఆదివారం, దాన్ని ఎత్తేముందు పాస్టరు గారు అడుగుతారు, ఎవరికైనా ఎవరితోనైనా తగువుందా అని. ఉంటే ఆ ఇద్దరూ లేచి వరండాలోకి వెళ్ళాలి, మాట్లాడుకుని రావాలి, వాళ్ళొచ్చేదాకా సంఘమంతా రొట్టె ముట్టకుండా ఆగాలి. రాజీపడని వాళ్ళు రొట్టె తీసుకోకూడదు. నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కదా, తగువులకు కరువా? పొలం గట్టు గురించి అన్నదమ్ములిద్దరు వెళితే మధ్యాహ్నం దాటింది, ఇళ్ళల్లో కూరలు చల్లారిపోయాయి, పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు, అయినా ఒక్కరూ లేవలేదు. మునగచెట్టు గురించి తోడికోడళ్ళిద్దరు వెళ్ళి, కాయలు పంచుకునే పద్ధతి తేల్చుకుని, చేయీ చేయీ పట్టుకుని వచ్చారు. అందుకే, ఫిబ్రవరిలో హవల్దారుగా పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చిన గోపి, వచ్చిన దగ్గర్నుంచి ప్రతి బల్ల ఆదివారం పళ్ళేన్ని రెండు చేతులతో, పురిటిబిడ్డను అందుకున్నట్టు అందుకుని, కళ్ళు దించుకుని పక్కకి అందించేస్తూంటే, సంఘానికి ఒక్కటే అర్థమైంది. మొగుడికీ పెళ్ళానికీ చెడింది.

పాపం వాళ్ళ తప్పేముంది, ఇక్కడ రొట్టె మానడానికి వేరే కారణం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గ్రామదేవత పేరు పెట్టుకుని కూడా ప్రతి ప్రార్థనకీ అందరికన్నా ముందొచ్చి కూర్చునే అసిరమ్మ, ఒక సాయంత్రం పెరటి వంకాయలు ఒళ్ళో వేసుకుని వచ్చేసింది. "ఏటే కుమారీ, మొగుడూ పెళ్ళాలన్నాక తగువులుండవేటి. ఏటయినాదో నాతో సెప్పు." కుమారికి అసలు సంగతి అప్పటికి తెలీదు, తెలీదని చెబితే ముసలామె నమ్మదు, అందుకని నోటికొచ్చింది చెప్పేసింది: "మిక్సీ గురించి పిన్నీ. ఆయనకి రోట్లో రుబ్బిన పచ్చడే కావాలంట." అసిరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ! పచ్చడి కోసం పెబువు బల్ల మానీసినాడేటే?" ఆ తర్వాత నవ్వాలో ఏడవాలో తెలియని రోజులు. సంఘ పెద్ద తిరుమలరావు గారు గోపిని పిలిచి, పచ్చడి ఈ లోకానిదనీ ఆత్మ నిత్యమైనదనీ గంటసేపు బోధించారట; పై వారం ఎవరో పుణ్యాత్ములు పాత రుబ్బురోలొకటి గుమ్మంలో దింపించి వెళ్ళారు. గోపి దాన్ని చూసి, "ఇదేటే?" అన్నాడు. "నీ ఆత్మ రక్షణ బావా," అంది. నవ్వాడు. ఇంటికొచ్చాక పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదలు, అందుకే ఆ రోలును తిప్పి పంపలేదు, తులసిమొక్క లేని ఇంట్లో అదే కోటలాగా పెరట్లో కూర్చుంది.

కానీ ఇవాళ నవ్వులాట కాదు. ఆగస్టు నెల కదా, బల్ల అయ్యాక మాజీ సైనికుడికి సన్మానం పెట్టారు, తిరుమలరావు గారి పక్కన కవరులో శాలువా తళతళలాడుతోంది. సన్మానం పొందేవాడు రాజీపడని మనిషిగా ఉంటే బాగుండదని, ఇవాళ మొగుడూ పెళ్ళాం వరండాకి వెళ్ళి తేల్చుకు రావాలని పెద్దలు నిర్ణయించేశారు. పొద్దున వాక్యం కూడా సైనికుడి పని చుట్టూనే తిరిగింది. పాస్టరు వినోద్ గారు కుర్రవాడు, చదువుకున్నవాడు, రెండువైపులా చెప్పాడు. చంపవద్దన్న ఆజ్ఞ చెప్పాడు, ఒడిసెల తిప్పిన గొర్రెల కాపరినీ చెప్పాడు. రెండో చెంప చూపమన్న మాట చెప్పాడు, అధికారి చేతిలో కత్తి అలంకారానికి లేదన్న మాటా చెప్పాడు. వింటున్నంతసేపూ కుమారికి తను సండే స్కూలులో ఇరుక్కుపోయిన రోజు గుర్తొచ్చింది. ఆజ్ఞ నేర్పుతుంటే ఒక పిల్ల లేచి, మరి కోడో అంది. కోడి పర్లేదంది తను. మరి గోపి మావయ్యో అంది. ఆ రోజు క్లాసు తొందరగా వదిలేసింది.

నాన్న ఉంటే ఏమనేవాడో. జగన్నాధం మాస్టారు, కాలేజీలో చరిత్ర చెప్పినవాడు, గోపికి స్వయానా మేనమామ, చీమల బారు వస్తే గుమ్మంలో పక్కకి జరిగి నిలబడే మనిషి. తోటలో శిష్యుడు కత్తి దూస్తే ప్రభువు వరలో పెట్టమన్నాడమ్మా, ఆ మాట ఆ ఒక్కడికే కాదు, అనేవాడు. మరి నది ఒడ్డున సైనికులొచ్చి మేమేం చేయాలని అడిగితే ఆ ప్రవక్త జీతంతో తృప్తిపడమన్నాడు గానీ ఉద్యోగం మానమనలేదు కదా నాన్నా, అని తను వాదిస్తే, మానమనకపోవడం వేరు, మంచిదనడం వేరు, జీతంతో తృప్తిపడే సైన్యాన్ని నేనైతే చరిత్రలో చూడలేదు, అనేవాడు. ఆయనే చెప్పాడు, పూర్వం తూర్పు దేశంలో ఒక పెద్ద బిషప్పు ఉండేవాడట, యుద్ధంలో చంపినవాణ్ణి మన పెద్దలు హంతకుల్లో చేర్చలేదు, సరే, కానీ చేతులు శుభ్రంగా లేవు గనుక మూడేళ్ళపాటు బల్లకు దూరంగా ఉండమనడం మంచిదేమో అని రాశాడట. ఏమో! అంత బిషప్పుకీ ఏమోనే. అప్పట్లో అది పరీక్షకు రాని ప్రశ్న కనుక తను నవ్వి ఊరుకుంది. గోపి సైన్యానికి ఎంపికైనప్పుడు నాన్న వద్దనలేదు, ట్రంకుపెట్టె కొనిచ్చాడు, శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండి కదులుతుంటే కిటికీ దగ్గర నడుస్తూ, "ఒరే, కాల్చమంటే కాలుస్తావు, అది నీ ఉద్యోగం. సంతోషించమంటే మాత్రం సంతోషించకు," అన్నాడు. ఇది దీవెనో శాపమో తేల్చుకోలేక ఆమె తలెత్తి నాన్న మొహం చూసింది. ఆ మొహంలో రెండూ లేవు, భయం ఉంది.

పాట ఆఖరి చరణంలోకొచ్చింది. బల్ల వెనక గోడమీది కొయ్య సిలువ, దానిమీద మనిషి లేడు, వీళ్ళ సిలువ మీద మనిషిని ఉంచరు. కుమారికి ఎప్పుడూ సిలువ మీదివాడికన్నా సిలువ కింద నిలబడినవాడే గుర్తొస్తాడు, ఆ శతాధిపతి. చంపే పని మొత్తం దగ్గరుండి చేయించిన మనిషి. పరుగెత్తిపోయిన శిష్యులు కారు, చీట్లు వేసి బట్టలు పంచుకున్న జవాన్లు కారు, ఆ అధికారే, పని పూర్తయ్యాక, తల పైకెత్తి, నిజంగా ఈయన నీతిమంతుడు అన్నాడు. అక్కడితో వాడి కథ వదిలేశారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాడు కదా, చేతులు కడుక్కున్నాడు కదా, వాళ్ళావిడ వడ్డించే ఉంటుంది, ఏం వడ్డించింది, తిన్నాడా, కంచం ముందు కూర్చుని అలా చూస్తూ ఉండిపోతే ఆ ఇల్లాలు, ఏమైందండీ ఇవాళ, ఉప్పెక్కువైందా, అని అడిగిందా? ఇన్ని వందల ఏళ్ళుగా ఇంతమంది పండితులు ఇన్ని వ్యాఖ్యానాలు రాశారు, ఆ భోజనం సంగతి ఒక్కడూ రాయలేదు. మగవాళ్ళు రాశారు మరి.

తనైతే అడిగింది, కొత్తవలసలో. శృంగవరపుకోటలో పెళ్ళి చూసుకుని వస్తూ, బండి మారడానికి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు, పోయిన నెల, వాన వెలిసిన మధ్యాహ్నం. పెళ్ళిలో కూడా ఎవరో దగ్గితే గోపి భుజం ఉలిక్కిపడడం చూసింది. "బావా, నీకు నాతో ఏమైనా తగువా?" అంది, సగం వేళాకోళంగా. అప్పుడే కిరండూలు వైపునుంచి ఇనుపరాయి మోసుకొస్తున్న గూడ్సు స్టేషనులోకి దూరింది. ఆ బళ్ళు ఎంత పొడుగో అక్కడ కూర్చున్నవాళ్ళకే తెలుసు, పెట్టె వెనక పెట్టె, నేల అదురుతుంది, పక్కమనిషి మాట వినబడదు. ఆ చప్పుడు మొదలయ్యాకే గోపి నోరు విప్పాడు. వినబడకూడదనే విప్పాడు. ఆమె చెవి అతని నోటికి ఆనించేసింది.

"మా పోస్టుకెదురుగా ఆల పోస్టు. మధ్యన వాగు. మంచు దిగిపోతే మనిషి ఆనడు, దగ్గొకటే ఇనబడతాది. ఒకడికి జలుబు. సలికాలమంతా దగ్గుతానే ఉన్నాడు. నాకు కోపమొచ్చీది, మందేసుకోడేటి ఈడు, ఈడి సుబేదారు సూడడేటని. మిరియాల పాలు తాగరా సన్నాసీ అనుకునీవోణ్ణి. ఓ తెల్లారి కాల్పులు మొదలైపోనాయి. ముందు ఆలా మేమా అన్నది పైవోళ్ళు రాసుకుంటారు. మంచులో ఏటీ ఆనలేదే. నాను దగ్గు ఇనబడ్డ కాడికి గురిపెట్టినాను." పెట్టెలు పోతూనే ఉన్నాయి. "మరి దగ్గు ఇనబళ్ళేదు."

"తర్వాత?" అంది.

"తర్వాతేటి. మెచ్చుకున్నారు. హల్వా పెట్టినారు."

తిన్నావా అని అడగలేదు. ఎర్రటి రాతిపొడి అంటుకున్న పెట్టెలు ఒకటొకటిగా కళ్ళముందు దాటిపోతుంటే, ఎక్కడో కొండ కడుపులోంచి తీసిన బరువంతా తమ ఇద్దరి మధ్యనుంచి పోతున్నట్టుంది, ఆఖరి పెట్టె పోయి, గార్డు పచ్చజెండా చుట్టుకుని, పట్టాలు చల్లబడి, మళ్ళీ పిచుకల అరుపు వినబడినప్పుడు, ప్రపంచం ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఏ బిషప్పునూ చదవని మనిషి, తనంతట తానే లేచి బల్లకు దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ శిక్ష వేయలేదు. అందరూ శాలువా కప్పుతామంటున్నారు. పక్కింటివాడు మందేసుకోవడం లేదని బాధపడినట్టు శత్రువు దగ్గుకు బాధపడి, ఆ బాధపడిన చెవితోనే గురి చూసుకున్న మనిషి. అతని పక్కన అలా కూర్చోవడానికి ఆమెకు, ఏమనాలి దాన్ని, గుడిలో అడుగుపెట్టే ముందు చెప్పులు విడుస్తాం చూడండి, అలా అనిపించింది.

పాట ఆగింది. వినోద్ గారు బల్ల ముందుకొచ్చి ఎప్పటిలాగే అడిగారు, "ఎవరికైనా ఎవరితోనైనా తగువుందా?" అడిగి, మర్యాదకు కిటికీ వైపు చూశారు. మిగతా సంఘానికి ఆ మర్యాద లేదు, అందరూ కుమారినే చూశారు. అసిరమ్మ మోచేత్తో పొడిచింది, "లెగవే. ఎల్లండర్రా ఇద్దరూ." లేస్తే సరిపోతుంది. వరండాలో కాసేపు నిలబడి, ఎదర ఊడ్పులైన చేలు చూసి, రోలు పచ్చడే చేస్తానని ఒప్పుకున్నట్టు మొహం పెట్టి లోపలికొస్తే, తన పరువు కోసం గోపి ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు, తన కోసం చేస్తాడు, అంత మంచివాడే, శాలువా కప్పేస్తారు, ఇక ఏ బల్ల ఆదివారమూ ఎవరూ ఏమీ అడగరు. ఎంత సుళువు. ఎన్నో చిన్న అబద్ధాలు అవలీలగా ఆడిన మనిషి, మిక్సీ మీద మహా తగువు కట్టిన మనిషి కాళ్ళు బెంచీ కిందే ఉండిపోయాయి. ఈ ఒక్క అబద్ధంతో ఆ దగ్గినవాణ్ణి మళ్ళీ ఒకసారి లేకుండా చేసినట్టవుతుందని తోచింది, తోచాక లేవలేకపోయింది.

గోపి లేచాడు.

వరండాకి బయల్దేరాడనుకుని అందరూ గుమ్మానికి దారిచ్చారు. అతను కదల్లేదు. "నాకు దీనితో ఏ తగువూ లేదు పాస్టరు గారూ," అన్నాడు. "పచ్చడి మాట ఉత్తిది. నాకు తగువున్న మనిషి ఒకడున్నాడు. ఆడిప్పుడు లేడు. నానే లేకుండా సేసినాను. వరండాలోకి నాను ఎవుడితో ఎల్లాలి?"

తిరుమలరావు గారు శాలువా కవరు పట్టుకునే లేచారు. "ఒరే బాబూ, దేశం కోసం సేసినావు. అది పాపం కాదురా."

"పాపమని నానన్లేదు మావా. రాజీపళ్ళేదంతన్నాను."

పొద్దున రెండువైపులా చెప్పిన వినోద్ గారు, ఒక్కవైపూ దొరక్క, చేతులు వదిలేసి, "నాకు తెలీదు గోపన్నా," అన్నారు. పాస్టరు అయ్యాక ఆయన చెప్పిన అతి చిన్న వాక్యం అదే అయ్యుంటుంది. తిరుమలరావు గారు కంగారులో, మాట దాటేయడానికే కాబోలు, గుడ్డ తీసి పళ్ళెం ఎత్తి, ఆచారం ప్రకారం ఆడవాళ్ళ మొదటి బెంచీకి, కుమారి చేతికే ఇచ్చేశారు. చేతిలో పళ్ళెం. తన ముక్కలు. ఆమె ఆలోచించలేదు, తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా ఆలోచించినట్టు గుర్తురాదు. ఇంట్లో ఒకడు తినకుండా కూర్చుంటే మిగతావాళ్ళకు ముద్ద దిగుతుందా, గిన్నెలమీద మూతలు పెట్టేసి కూర్చోమూ, అంతే అది, అంతకన్నా పెద్ద వాక్యమేదీ ఆమె నోట రాలేదు. ముక్క తీసుకోకుండా అసిరమ్మకు అందించింది. పళ్ళెంలో పెద్ద ముక్క ఎక్కడుందో వెతికి మరీ తీసుకునే అసిరమ్మ, దానికేసి చూసి, గోపికేసి చూసి, "ఆడు తిన్నేదు గదే, నాకెలగ దిగుతాది," అని పక్కకు అందించేసింది. మెల్లగా అనడం ఆమెకు చేతకాదు. ఆ పక్కామె అందించింది. ఆ వెనక బెంచీ. వంశధారలో వరదొచ్చిన ఏడు నీళ్ళు చప్పుడు లేకుండా గట్టెక్కి చేలోకి నడిచి రావడం కుమారి చిన్నప్పుడు చూసింది, ఎవరూ తోయకుండా, ఎవరూ పిలవకుండా. ఇప్పుడూ అలాగే, గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు అందించారు, మునగచెట్టు తోడికోడళ్ళు అందించారు, నిండు పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, తగ్గకుండా, ఒలకకుండా, తల తర్వాత తల దాటి మగవాళ్ళ వైపు తిరిగింది. వీళ్ళేనా? వంకాయలతో కూపీ లాగేవాళ్ళు, రుబ్బురోళ్ళు దింపేవాళ్ళు, వీళ్ళ లోపల ఇదంతా ఎక్కడుంది ఇన్నాళ్ళూ? ఎవరో పక్కన పెద్దగా ఉన్నారు, చాలా పెద్దగా, బెంచీల మధ్యనుంచి నడుస్తున్నారు, తల తిప్పితే కనబడిపోతారేమోనని ఆమె తల తిప్పలేదు.

పళ్ళెం నిండుగానే గోపి చేతికొచ్చింది. చాలాసేపు చూశాడు. ఒక ముక్క తీసుకున్నాడు. మరొకటి తీసుకున్నాడు. రెండు తీసుకోకూడదని తిరుమలరావు గారు చేయెత్తి, మళ్ళీ దించేశారు. రెండూ అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు మూసి, గోపి బెంచీలోంచి బయటికొచ్చి, అందరి మధ్యనుంచి నడిచి, వరండాలోకి వెళ్ళాడు. ఒక్కడే. కుమారి లేవబోయింది. అసిరమ్మ ఆమె చేయి పట్టుకుని కిందకి లాగింది.

"కూకోవే. అది ఆలిద్దరి తగువు."

తలుపు సగం మూసుకుంది. సంఘం ఆగింది. తగువు తీర్చుకునేవాళ్ళ కోసం ఎంతసేపైనా ఆగడం వీళ్ళకు తెలిసిన విద్య. ఫ్యాను తిరుగుతోంది, హైవే మీద లారీలు పోతున్నాయి, ఎవరికో గొంతులో దగ్గు వచ్చింది, వచ్చినవాడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు ఎర్రబడేలా దాన్ని లోపలే ఆపుకున్నాడు. బయటినుంచి మాట వినబడుతోందో, గాలో తెలీదు. వినాలని ఎవరూ ప్రయత్నించలేదు, ఈ సంఘ చరిత్రలో అదీ మొదటిసారే. తిరుమలరావు గారు శాలువా కవరు బెంచీ కిందకి నెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తుడుచుకుంటూనే ఉండిపోయారు. గోపి తెలుగులో మాట్లాడుతున్నాడా, పటాలం హిందీలోనా, అవతలివాడికి ఏది అర్థమవుతుంది, ఇప్పుడు వాడికి ఏ భాషైనా అర్థమవుతుందేమో, వాడి తరఫున జవాబు ఎవరు చెబుతారు, కుమారి మనసు అంతవరకూ వెళ్ళి, అంచు దగ్గర నిలబడిపోయి, అవతలికి చూసి, మాటల్లేక వెనక్కొచ్చింది.

తలుపు తోసుకుని గోపి వచ్చాడు. మొహం కడుక్కున్నవాడిలా ఉంది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

వరండానుంచి ఎవరొచ్చినా అడిగేది అసిరమ్మే. ఎవరినైనా అడిగేదే అతన్నీ అడిగింది, ఎవరినైనా అడిగే గొంతుతోనే. "ఏటిరా గోపీ, అయ్యిందేటి?"

"అవ్వలేదు పిన్నీ," అన్నాడు. "మొదలెట్టినాను."

"ఆఁ. అయితే తిందాం," అంది అసిరమ్మ, పాస్టరు గారినైనా అడక్కుండా, పళ్ళెం ఇలగ తెమ్మని చేయి చాపింది. కుమారి తన ముక్క నోట్లో వేసుకుంది. ఇంతసేపూ ఫ్యాను గాలికుండి రొట్టె ఎండిపోయింది, నమిలితే కరకరలాడింది. ఎవరూ వంక పెట్టలేదు.